కెప్టెన్ గారి మూడు హెడ్‌సెట్లు

2024 వానాకాలం. దమ్‌దమ్‌లో విమానాశ్రయం ఒకటో నంబరు గేటు దగ్గర ఒక సందు. ఆ సందులో మందుల షాపుకి సరిగ్గా పై అంతస్తులో మా దుకాణం. విమానాలు నడిపేవాళ్ళకి కావలసిన సామాన్లు అమ్ముతాం. భుజాల మీద వేసుకునే బంగారు చారల పట్టీలు, లాగ్‌బుక్కులు, తొడకి కట్టుకుని రాసుకునే పలకలు, అన్నిటికన్నా ముఖ్యంగా హెడ్‌సెట్లు. నేను చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆరు నెలలు ప్రొబేషన్, అంటే పని చూసి ఉంచాలో వద్దో తేల్చే గడువు.

చివరిదాకా ఆగలేను కాబట్టి ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఆ దుకాణంలో నా పేరుతో విజిటింగ్ కార్డు ఉంది. ఎస్తేరు, బి.యస్సీ. ఎలక్ట్రానిక్స్, హెడ్‌సెట్ ఫిట్టింగ్. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను, అచ్చులో పేరు పడ్డ మొదటి మనిషిని కూడా నేనే. హౌరా దగ్గర సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్స్ వరసంతా ఆ కార్డు చేతులు మారింది. ఒకావిడ దాన్ని అద్దానికి దోపుకుంది కూడా. అయితే ఆ కార్డు రావడానికి ముందు నేను పడ్డ అయోమయం ఒకటుంది. అది చెబుతాను.

ముందు వస్తువు గురించి నాలుగు మాటలు. పైలట్ హెడ్‌సెట్ అంటే పాటలు వినేది కాదు. చెవులకి రెండు డిప్పలు, నోటి ముందు ఒక మైకు. విమానం ముక్కు దగ్గర కూర్చున్నవాళ్ళకి ఇంజిన్ల గుమ్మని మోతతో పాటు గాలి కోసుకుపోతున్న రొద కూడా ఉంటుంది. అందులోంచి, నేల మీద నుంచి దారి చెప్పే కంట్రోలర్ మాట, పక్క సీటు మనిషి మాట స్పష్టంగా వినబడాలి. నాయిస్ క్యాన్సెలింగ్ అంటే డిప్ప లోపల ఇంకో చిన్న మైకు ఉంటుంది. అది లోపలికొచ్చే మోతని విని, దానికి సరిగ్గా ఎదురు మోత పుట్టించమని స్పీకరుకి చెబుతుంది. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. గుమ్మనే బండ మోత దీంతో పోతుంది. సన్నటి రొదని మాత్రం డిప్ప చుట్టూ ఉండే మెత్తటి దిండే ఆపాలి. ఆ దిండుని ఇయర్ సీల్ అంటారు. అది చెవి చుట్టూ ఎక్కడా సందు లేకుండా అతుక్కోవాలి.

ఎంచుకోవడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. లోపల చిన్న గది, రెండు పెద్ద స్పీకర్లు. నిజం విమానంలో పట్టుకొచ్చిన మోతని అంతే గట్టిగా పెడతాం. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కో హెడ్‌సెట్ పావుగంట తల మీద ఉంచుతాం. పావుగంట ఎందుకంటే, మొదటి రెండు నిమిషాల్లో ఏదైనా బాగానే ఉంటుంది.

జూలైలో ఒక రోజు ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్నాను. "గొడుగు రైల్లో ఒగ్గీసేనమ్మా. ఇప్పుడేటి సెయ్యమంటావు?" అంటూంటే తలుపు దగ్గర ఒకాయన నిలబడి నవ్వుతున్నారు. తెల్ల చొక్కా, నాలుగు చారలు.

"తెలుగమ్మాయివా?"

"అవునండి. సంత్రాగాఛి."

"సంత్రాగాఛి ఆంధ్రాలో ఎప్పుడు కలిసింది?"

"మా తాతగారు సోంపేట నుంచి వచ్చారండి, రైల్వేకి. అప్పట్నుంచి అక్కడే."

ఆయన కెప్టెన్ మాధవరావు గారు. గుంటూరు వైపు మనిషి, యాభై దాటినవారు, జెట్ విమానం నడుపుతారు, కొత్త పైలట్లకి శిక్షణ ఇస్తారు. పాత హెడ్‌సెట్‌తో తల దిమ్మెక్కిపోతోందట. ఇంటికెళ్ళాక కూడా చెవుల్లో హోరు. ఆయన కంపెనీ ఒప్పుకున్న జాబితాలో నాయిస్ క్యాన్సెలింగ్‌వి మూడే మోడళ్ళు. ఆ మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి.

"అమ్మా, ఈ కాగితంలో ఏముందో నువ్వే చదివి చెప్పు," అన్నారు, పెట్టెలోంచి తీసిన వివరాల కాగితం నా వైపు జరిపి.

నాకు ఒళ్ళు పొంగిపోయింది. నాలుగు చారల కెప్టెన్ కుర్చీలో కూర్చుని ఉంటే, పాయింట్స్‌మన్ కూతుర్ని నేను ఇంగ్లీషు చదివి తెలుగులో వివరించడం. పాయింట్స్‌మన్ అంటే యార్డులో పట్టాలు మార్చి వాగన్లు కలిపే మనిషి. మా నాన్న ఇప్పటికీ అదే పని. చదివి పెట్టడం నాకు కొత్త కాదు. మా వరసలో ఎవరికి బ్యాంకు కాగితం వచ్చినా, ఆసుపత్రి చీటీ వచ్చినా నా దగ్గరికే తెస్తారు. తొమ్మిదో క్లాసు నుంచి చదివి పెడుతూనే ఉన్నాను. ఎందుకు చదవమంటున్నారని ఒక్కసారి కూడా అడిగి ఎరగను. అడగడమేమిటి, వాళ్ళకి రాదు, నాకు వచ్చు, అంతే కదా.

మొదటి మోడల్ పెట్టగానే కెప్టెన్ గారు కళ్ళు మూసుకున్నారు. పావుగంట తరవాత తెరిచి, "ప్రాణం లేచొచ్చిందమ్మా," అన్నారు. అదే తీసుకున్నారు.

ఆయన మెట్లు దిగాక మా యజమాని తపన్ దా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన బెంగాలీ, దా అంటే వాళ్ళ భాషలో అన్న. నాతో సగం బంగ్లా సగం హిందీ. "చూడు ఎస్తేర్, ఈయన ఏది కొంటే ఈయన శిష్యులందరూ అదే కొంటారు. ఈ కేసు నీది. ఆయన తల మీద హెడ్‌సెట్ కుదిరిందని ఆయన నోటితో అన్న రోజు, నీ కన్ఫర్మేషన్ లెటర్ మీద సంతకం పెడతాను."

"కుదిరింది కదా దాదా. ఇప్పుడే అన్నారు."

"ఇక్కడ అన్నాడు. పైకెళ్ళి వచ్చి అననీ."

ఐదో రోజు కెప్టెన్ గారు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చారు.

"ఇక్కడ నిశ్శబ్దం. అక్కడ ఈల. కుడి చెవి వెనకాల సన్నగా గాలి దూరుతున్నట్టు. పైగా తల తిప్పితే లోపల గుబ్ గుబ్‌మని కొడుతోంది."

ఆ హెడ్‌సెట్‌ని గదిలో నా తల మీద పెట్టుకుని అరగంట కూర్చున్నాను. ఈల లేదు, గుబగుబ లేదు. ఆయన తల మీద పెట్టాను. ఆయనకీ లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పైన మోత ఎక్కువేమోనండి," అన్నాను. స్పీకర్లు ఇంకా పెంచాను. కింద మందుల షాపు ఆయన కర్రతో కప్పు మీద పొడిచాడు. అయినా లోపల నిశ్శబ్దమే.

రెండో మోడల్ ఇచ్చాను. దాని పట్టు గట్టి. తలని రెండు వైపుల నుంచి డిప్పలు ఎంత బలంగా నొక్కుతాయో దాన్ని క్లాంపింగ్ అంటారు. గట్టిగా నొక్కితే సందు ఉండదని నా లెక్క. దాని కాగితం కూడా నేనే చదివి వినిపించాను. వారానికి అదీ తిరిగొచ్చింది. ఈల కొంచెం తగ్గిందట కానీ చెవుల పైన మేకు దిగినట్టు నొప్పి. మూడోది ఇచ్చాను, అన్నిటికన్నా మెత్తటి దిండ్లు ఉన్నది. జాబితాలో ఇక మిగల్లేదు.

"నీకు దొరికింది కస్టమరా, చుట్టమా?" అన్నాడు తపన్ దా. "వారం వారం వస్తున్నాడు, తెలుగులో మాట్లాడుకుంటున్నారు, టీ తాగుతున్నారు. హెడ్‌సెట్ మాత్రం కుదరడం లేదు." నవ్వుతూనే అన్నాడు. కానీ సంతకం లేని నా లెటర్ సొరుగులో ఉందని నాకు తెలుసు. ఆరు నెలలు నిండడానికి ఇంకెంతో లేదని ఆయనకీ తెలుసు.

ఆ రోజుల్లో నాకు ఏదీ అర్థమయ్యేది కాదు. హౌరా నుంచి లోకల్ రైల్లో ఇంటికి వస్తూ రెండు చెవుల మీద అరచేతులు పెట్టుకుని, కొంచెం తీసి, మళ్ళీ మూసి చూసుకునేదాన్ని. ఎదురు సీటు ముసలావిడ ఒక రోజు, తలనొప్పా అని అడిగి బామ్ ఇచ్చింది. నోటుబుక్కులో రాసుకున్నాను. బ్యాటరీ, కొత్తది. ప్లగ్గు, సరైనదే. సైడ్‌టోన్, అంటే మాట్లాడేవాళ్ళకి తమ గొంతు తమకి వినబడడం, బాగానే ఉంది. సీటు ఎడమదా కుడిదా, ఎడమది. రాసిన ప్రతిదాని పక్కనా టిక్కు. అన్నీ సరిగ్గా ఉంటే తప్పు ఎక్కడుంది? విమానంలోనా, ఆయన చెవిలోనా, నా చదువులోనా? పరీక్షల్లో మార్కులు తెచ్చుకున్న చదువు ఇదేనా అని ఒకటే దిగులు.

ఇంట్లో రాత్రి భోజనాల ముందు ప్రార్థన చేసుకుంటాం. అప్పుడు బైబిల్లో ఒక అధ్యాయం చదవాలి. చిన్నప్పట్నుంచి అది నాన్నే చదివేవాడు. నేను కాలేజీలో ఉండగా ఒక రోజు పుస్తకం నా ముందుకి తోసి, "ఇకనించి నువ్వే సదువు. గ్రాడ్యుయేటు అవుతున్నావు కదేటి," అన్నాడు. నాకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం సరిగ్గా రాదు. బడంతా బంగ్లా, ఇంగ్లీషు. ఒత్తుల దగ్గర ఆగిపోయేదాన్ని. నేను ఆగినచోట నాన్న కళ్ళు మూసుకునే మాట అందించేవాడు. అలా మూడేళ్ళు చదివాను.

ఆ వారం ఒక రోజు ప్రార్థన అయ్యాక అడిగాడు. "మీ కెప్టెను సంగతేటయ్యింది?"

"మూడోది కూడా ఇచ్చీసేన్నాన్నా. అదీ కుదరదేమో."

"మా డ్రైవర్లు సెవిలో దూది ముక్క ఎట్టుకుని ముప్పై ఏళ్ళు బండి నడిపేసినారు. దీనికింత గోలేటే?"

"దూది ఎట్టుకుంటే కంట్రోలరు మాట ఎలగ వినబడతాది?"

"అదీ నిజమే," అని నాన్న కంచం ముందుకి లాక్కున్నాడు. అమ్మ మాత్రం, "ఆయన సెవులు బాగోలేవేమో, నువ్వు మొగమాటపడి అడగట్లేదు," అంది.

అమ్మ అన్నది నిజమే. అడగలేదు. మర్నాడు మూడోది తిరిగొచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగేశాను. కెప్టెన్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఆ భయం నాకూ ఉందమ్మా. మొన్నే మెడికల్ అయింది. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయని రాశారు. మరి ఈ ఈల ఎక్కడిదంటావ్? ఇంట్లో చెబితే కంగారు పడతారు. పక్క సీటు కుర్రాళ్ళతో అంటే నవ్వుకుంటారు. అందుకే నీ ప్రాణం తీస్తున్నాను."

బల్ల మీద మూడు పెట్టెలు వరసగా ఉన్నాయి. టీ చల్లారిపోతోంది. అప్పుడే ఆయన ఫోన్ మోగి ఆగింది, మెసేజ్. ఆయన ఫోన్ తీసి, చెయ్యి బారుగా చాచి చూసి, నా వైపు తిప్పారు.

"డ్యూటీ మార్చినట్టున్నారు. చదివి పెట్టమ్మా."

చదివాను. రేపటి గువాహటి సర్వీసు గంట వెనక్కి జరిగింది. చదువుతున్నంతసేపూ ఏదో తేడాగా ఉంది. ఇది పెట్టెలోని సన్న అక్షరాల కాగితం కాదు. ఫోన్లో అక్షరాలు ఎంత పెద్దవిగా పెట్టుకున్నారంటే, బల్లకి ఇవతల నుంచే నాకు కనబడ్డాయి. ఈయన మా వరసలో ఆసుపత్రి చీటీ పట్టుకొచ్చే మనిషీ కాదు. నాకన్నా ఎంతో చదువుకున్నవారు. ఆ చాచిన చెయ్యి చూసి అనాలో వద్దో ఆలోచించకుండా అనేశాను.

"మరి విమానంలో ఎవరు చదివి పెడతారండి?"

ఆయన పెద్దగా నవ్వారు. "అక్కడ కళ్ళజోడు పెట్టుకుంటాను కదమ్మా."

నవ్వింది ఆయనొక్కరే. నేను ఆ మూడు పెట్టెల వంక చూస్తున్నాను.

"ఏదండి కళ్ళజోడు?"

చొక్కా జేబులోంచి తీశారు. నల్లటి ప్లాస్టిక్ ఫ్రేము, చెవుల మీదికి వెళ్ళే కాడలు నా చిటికెన వేలంత మందం. నాలుగు నెలల కిందట వాళ్ళమ్మాయి ఏరి కొనిపెట్టిందట. కారులో ఏసీ చల్లదనం, మా సందులో ఆవిరి. తలుపు తీసి కాలు కింద పెట్టగానే అద్దాలు మసకబారతాయి. తుడిచి తుడిచి విసుగొచ్చి, జేబులో వేసుకుని మెట్లెక్కేస్తారు. పైన చదవడానికి నేనున్నాను. ఇక దాన్ని తీసే పనే లేదు.

"పెట్టుకుని లోపలికి రండి," అన్నాను. ఇన్ని వారాల్లో ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే.

కళ్ళజోడు మీద మొదటి మోడల్ పెట్టి, మోత పెంచాను. అర నిమిషంలో చెయ్యెత్తారు. "ఇదే. ఇదే ఈల." దిండుకి, చెవి వెనకాల చర్మానికి మధ్య కాడ దూరినచోట అగ్గిపుల్ల పట్టే సందు. సన్నటి రొద అందులోంచే వస్తోంది. తల తిప్పినప్పుడు ఆ సందు పెద్దదీ చిన్నదీ అవుతూంటే లోపలి మైకు తికమకపడి గుబగుబ కొడుతోంది. రెండో మోడల్ గట్టిగా నొక్కి ఆ కాడనే తలలోకి దింపింది, అదే మేకు నొప్పి. మూడోది ఎంత మెత్తగా ఉన్నా ఆ మందం ముందు ఓడిపోయింది.

కెప్టెన్ గారు బయటికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "అంటే నా చెవులు..."

"బాగున్నాయండి. మూడు హెడ్‌సెట్లూ బాగున్నాయి."

"అయితే తిరిగివ్వాల్సింది కళ్ళజోడన్నమాట," అన్నారు. కొంచెం ఆగి, "మా అమ్మాయితో ఎలా చెప్పాలి?" అన్నారు. నిజంగానే అది ఆలోచిస్తున్నట్టు.

సన్నటి తీగలాంటి కాడలు, వంపు లేకుండా తలకి తిన్నగా ఆనేవి చేయించుకోమని ఒక బొమ్మ గీసి ఇచ్చాను. మొదటి హెడ్‌సెట్ మళ్ళీ ఆయనకే ఇచ్చాను. పది రోజుల తరవాత వచ్చారు. మొహాన కొత్త కళ్ళజోడు ఉంది, అద్దాల మీద ఆవిరి ఉంది, తీయలేదు. తపన్ దా వినేలా హిందీలో చెప్పారు. "నిన్న గువాహటి నుంచి వస్తూ గడియారం చూసుకుంటే, అప్పుడే దిగిపోతున్నామా అనిపించింది. ఇన్నాళ్ళూ ఎప్పుడు దిగుతామా అని చూసుకునేవాణ్ణి."

తపన్ దా సొరుగు తీశాడు. సంతకం పెడుతూ, "ఇన్ని వారాలు ఆ మనిషిని చూశావు. కళ్ళజోడు సంగతి ఎందుకడగలేదు?" అన్నాడు. "చదవమన్నాడు దాదా, చదివాను," అన్నాను.

ఆ సాయంత్రం హౌరా స్టేషన్లో పరిగెత్తాను. లెటర్ తడవకుండా టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. ఇంటికెళ్ళి ముందు ఇంగ్లీషులో, తరవాత తెలుగులో చదివి వినిపించాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాన్న చెయ్యి చాచాడు.

"ఇలగియ్యి. నీ పేరు ఎక్కడున్నాది?"

నాన్నకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ అక్షరాలు, అంకెలు వచ్చు. వాగన్ల మీద రాసినవి చదవడమే ఆయన పని. రెండు లైన్లకి అవతల నిలబడ్డ వాగన్ నంబరు తప్పు లేకుండా చెబుతాడు. నా పేరు పై లైనులో, పెద్ద అక్షరాల్లో ఉంది. నాన్న కాగితాన్ని ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళాడు. చెయ్యి బారుగా చాచాడు. కింద సంతకం దగ్గర వేలు పెట్టి, "ఇదే కదేటి?" అన్నాడు.

ఆ చాచిన చెయ్యి నేను పది రోజుల కిందట చూశాను.

"నాన్నా, ఎన్నాళ్ళయింది?"

"ఏటి ఎన్నాళ్ళు?"

"దగ్గరివి కనబడక."

నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ, "నన్ను సూడకు. నేను సెప్పమన్నాను," అంది.

"మూడేళ్ళయ్యుంటాది," అన్నాడు. "దూరానివి బాగా అవుపిస్తన్నాయి. పనికేటీ అడ్డు లేదు. ఈ దగ్గిరివే కొంచెం మసక."

"మరి గ్రాడ్యుయేటువి, సదువు అన్నావు?"

"అది అబద్ధం కాదు కదేటి?"

"కళ్ళజోడు కొనుక్కుంటే అయిపోయేది కదా నాన్నా. ఎందుకు సెప్పలేదు?"

నాన్న లెటర్‌ని మడతల వెంబడి జాగ్రత్తగా మడిచాడు. "మొదట్లో కొనీసుకుందామనే అనుకున్నాను. ఈలోగా నువ్వు తెలుగు సదవడం మొదలెట్టీసేవు. తడుముకుంటా సదువుతున్నావు, గాని సదువుతున్నావు. నాకు అవుపిస్తాదంటే మానీస్తావు కదేటి?"

మానేసేదాన్నే. అందులో అనుమానం లేదు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ నాలుగు పేజీల తెలుగు ఆ మూడేళ్ళలో వచ్చిందే.

ఇప్పుడు మా గదిలో కుర్చీ పక్కన గోడ మీద ఒక కాగితం అంటించాను. విమానంలో మీ తల మీద, చెవి మీద ఏవేవి ఉంటాయో అన్నీ పెట్టుకుని కూర్చోండి అని. కళ్ళజోడు, టోపీ, తలపాగా, ఏదైనా. కెప్టెన్ గారి శిష్యులు వచ్చినప్పుడు ముందు దాన్ని చదవమంటాను, వాళ్ళనే చదవమంటాను. ఎవరైనా ఏదైనా నా చేతికిచ్చి చదివి పెట్టమంటే ఇప్పటికీ సంతోషంగా చదువుతాను. చదివాక మాత్రం, మీరెందుకు చదవలేకపోయారని మెల్లగా అడుగుతాను. నాలుగు నెలల అనుభవంలో లేనిది, డిగ్రీలో చెప్పనిది ఆ ఒక్క ప్రశ్నే.

నాన్నకి కళ్ళజోడు వచ్చింది. సన్న కాడలది, నేనే ఎంచాను. ఇప్పుడు ప్రార్థనలో ఒక రోజు నాన్న చదువుతాడు, ఒక రోజు నేను. నా వంతు వచ్చిన రోజు నాన్న కళ్ళజోడు తీసి, మడిచి, పుస్తకానికి ఇవతల పెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఒత్తుల దగ్గర నేను ఆగినప్పుడు నాన్న అందించే మాట కోసం ఎదురుచూస్తాను.